బతికిన వరస

ఆలిచిప్ప జీవితంలో ప్రయాణమనేది పసితనంలోనే ముగుస్తుంది. కంటికి ఆనని పిల్లగా కొన్నాళ్ళు నీటిలో తేలాడి, ఆ తర్వాత దొరికిన గట్టి వస్తువునేదో పట్టుకుని, తన ఒంటిలో ఊరిన జిగురుతో దానికే అతుక్కుపోతుంది. నీళ్ళు బాగుంటే బతుకుతుంది, చెడితే చస్తుంది. లేచి మరో చోటికి పోవడమన్నది దానికి లేదు. మొదట మగదిగా ఉండి, కొంత పెరిగాక ఆడదిగా మారేవి వాటిలో చాలా ఉంటాయని మా అమ్మాయి చెప్పిన రోజున, మా ఆవిడ కామేశ్వరి పప్పు గరిటెతో అలాగే నిలబడిపోయి, “మరి మనుషుల్లో మగాళ్ళకి ఆ యోగం లేదేటే? ఒక్క నెలైనా వంటిల్లు చూసుకుందురు” అంది.

ఆ ఏడాది వానాకాలమంతా మా గాజువాక ఇంట్లో భోజనాల దగ్గర ఇవే కబుర్లు. అమ్మాయి జ్యోతిర్మయి సముద్రజీవుల పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. నేను ఉక్కు కర్మాగారం ప్రయోగశాలలో ఇనుములో ఎంత గంధకముందో, ఎంత భాస్వరముందో తేల్చి రిటైరైన మనిషిని. మిగిలిన కాలమంతా హేతువాద సంఘం తరఫున ఊళ్ళు తిరిగి, దయ్యాలూ చేతబడులూ లేవని చెబుతూ వచ్చాను. మా గుమ్మానికి మాత్రం కామేశ్వరి కట్టిన బూడిద గుమ్మడికాయ వేలాడుతూనే ఉంటుంది. దాన్ని నేను విప్పను, నా ఉపన్యాసాలను ఆమె వినదు. ఈ ఒప్పందం మీద మా కాపురం సుఖంగానే సాగింది.

యారాడ కొండ దాటి దక్షిణంగా పోతే, ఒక ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట చిన్న పాలెం ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. ఆ ఏట్లో జ్యోతిర్మయి వెదురు పందిళ్ళు వేయించి, వాటికి తాళ్ళు వేలాడదీయించి, ఆలిచిప్పలు పెంచే పని పాలెం ఆడవాళ్ళకు నేర్పింది. ఒక్కో మనిషికి ఒక్కో వరస. తాళ్ళు దులపడం, పీతలను ఏరివేయడం, నాచు గీకడం, అన్నీ ఎవరి వరసకు వారివే. పంట కూడా వారిదే. ఏటి నోటి దగ్గర కెరటం తాకిడి ఎక్కువని ఆ చివరి వరసను ఎవరూ కోరుకోలేదు. అది దేముడమ్మకు దక్కింది. ఆమె భర్త చలమయ్య తెప్ప తిరగబడి పోయాక ఎండుచేపల గంప మోసి బతుకుతున్న మనిషి. పిల్లలు లేరు. పాలెంలో వెనకేసుకొచ్చేవాళ్ళు లేని వాళ్ళకు మిగిలేది ఎప్పుడూ చివరి వరసే.

భాద్రపదంలో వాయుగుండం పట్టింది. రోజుల తరబడి కురిసిన వాన కొండల మీది ఎర్రమట్టినంతా ఏట్లోకి దించింది. వాన వెలిసిన కొన్నాళ్ళకు, ఉదయం ఫలహారం చేస్తుండగా జ్యోతిర్మయి ఫోను మోగింది. పాలెం నుంచి పోలమ్మ. ఆడవాళ్ళందరిలోకీ గట్టి పనిమంతురాలు, గట్టి నోరు కూడా. ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా నాకు వినబడింది.

“మేడంగోరూ, బేగి రండి! సిప్పలన్నీ నోళ్ళు తెరిసీసినాయి!”

ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. సముద్రం వెనక్కి లాగి, పాటు తీసి, నీరు నడుం లోతుకు దిగింది. కంపు ఒడ్డు మీదికే కొట్టింది. పోలమ్మ తన తాడొకటి పైకి లాగి చూపించింది. చిప్పలన్నీ తెరుచుకుని, లోపల కండ కుళ్ళి, నల్లటి నీరు కారుతోంది. పక్క తాడూ అంతే. ఆ పక్కదీ అంతే. ఆడవాళ్ళు ఏడవలేదు, ఏట్లో నిలబడి తాళ్ళు ఒక్కొక్కటే లాగి, చూసి, వదిలేస్తున్నారు. అప్పుడు చివరి నుంచి దేముడమ్మ కేకేసింది.

“మేడంగోరూ! నా వరస నోరు తెరవనేదండి!”

జ్యోతిర్మయి నీళ్ళు చీల్చుకుంటూ వెళ్ళింది. తాడు ఎత్తి, కాస్త తెరుచుకున్న ఒక చిప్పను గోటితో తట్టింది. అది టక్కున మూసుకుంది. మరొకటి. అదీ మూసుకుంది. మా అమ్మాయి పెద్దగా నవ్వేసింది.

“నాన్నా! బతికున్నాయి! బంగారం నాన్నా ఇవి!”

వందల చావుల మధ్య ఒక మినహాయింపు దొరికిన పరిశోధకుల ఆనందం ఎలాంటిదో నాకు తెలుసు. పోలమ్మకు అది తెలియవలసిన అవసరం లేదు. చేతిలో తాడు నీళ్ళలోకి జారవిడిచి, “నవ్వండమ్మా నవ్వండి. పోయినవి మాయి కదా” అని ఒడ్డెక్కి వెళ్ళిపోయింది.

జ్యోతిర్మయి లెక్క ఇది. మంచినీటి వరదకు నీరసించిన చిప్పలను ఏదో సూక్ష్మమైన పరాన్నజీవి కబళించి ఉండాలి. అదే నీటిలో ఉండి చావనివాటిలో ఆ రోగాన్ని తట్టుకునే గుణమేదో ఉండవచ్చు. అవి గుడ్లు పెట్టే దాకా కాపాడి, హేచరీలో వాటి పిల్లలను పెంచితే, ఈ తీరం పొడుగునా ఇంకెవరి వరసా ఇలా నోరు తెరవకపోవచ్చు. “అయితే ఇప్పుడే కదిపితే చచ్చిపోతాయి నాన్నా. కోలుకునే దాకా ఏట్లోనే ఉంచాలి. పొరపాటున కూడా ఎవరూ ముట్టుకోకూడదు” అంది.

ముట్టుకోకూడని వాటికి ఎర్ర రిబ్బను కట్టడం వాళ్ళ సంస్థలో పద్ధతి. అలలకు ఊడిపోకుండా మూడు ముళ్ళు వేస్తారు. పందిళ్ళ కింది వరకూ చేతికి అందాలంటే నీరు బాగా తగ్గాలి. నీరు బాగా తగ్గేది అమావాస్యకూ పున్నానికీ. ముందు వచ్చింది మహాలయ అమావాస్య.

అమావాస్యనాడు పాలెంలో వేటకు వెళ్ళరు. అందుచేత ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. మిట్టమధ్యాహ్నం వేళ నడుం లోతు నీటిలో మా అమ్మాయీ దేముడమ్మా ఎదురెదురుగా నిలబడి, ఒకరు తాడు పట్టుకుంటుంటే మరొకరు ఎర్ర రిబ్బను చుట్టి ముడి వేస్తున్నారు. దేముడమ్మ కొప్పు ఊడి జుట్టు నీళ్ళమీద తేలుతోంది. ముళ్ళు పూర్తయ్యాక జ్యోతిర్మయి ఒక్కో తాడు నుంచి ఒక్కో చిప్ప తీసి, సన్నటి సూది గుచ్చి, చుక్క ద్రవం లాగి చిన్న గాజు బుడ్డిలో వేసుకుంది. బుడ్ల పెట్టె పట్టుకుని ఒడ్డున నిలబడ్డవాణ్ణి నేను. నా పక్కన పాలెం పెద్ద ఎల్లాజీ బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. మర్యాదస్థుడు, నిదానస్థుడు.

“ఏటి మేడంగోరూ, అమాసనాడే కట్టాలేటి?” అని కేకేసి అడిగాడు.

“అమావాస్యకే కదా ఎల్లాజీగారూ! ఇంకో రోజయితే కుదరదు!” అంది జ్యోతిర్మయి తల ఎత్తకుండానే.

“ఆ సూదేటండి?”

“వాటి రక్తం. తీసుకెళ్ళి చూస్తాం. ఈ వరసలో ఏదో శక్తి ఉంది. అదేమిటో తేలాలి!”

ఎల్లాజీ తల పంకించి, వెనక్కి తిరిగి, నిలబడ్డవాళ్ళతో మెల్లిగా అన్నాడు. “ఇంకో రోజు కుదరదంట. నెత్తురంట. సెక్తి ఉన్నాదంట.”

అతడు అబద్ధమేమీ చెప్పలేదు. విన్నదాన్ని విన్నట్టే చెప్పాడు.

మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు. ఆ మాట ఒక మనిషి మీద పడితే ఏమవుతుందో నేను ఏజెన్సీ పల్లెల్లో చూశాను. మంత్రం పలకకుండా ఊరివాళ్ళు ముందుపళ్ళు రాలగొట్టిన ఒక ముసలాయన నాతో మాట్లాడటానికి ప్రయత్నించి, నాకు అర్థం కాక, చివరికి ఊరుకున్నాడు. ఊరందరికీ నష్టం వచ్చి ఒకరికి రాకపోతే, ఆ ఒకరే కారణమని నమ్మడం మనిషికి చాలా సులువు. కారణం తెలియకపోవడం కంటే తప్పుడు కారణమైనా తెలియడం హాయి.

ఆశ్వయుజం వచ్చింది. ఒక మధ్యాహ్నం దేముడమ్మ మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి తల ఎత్తి గుమ్మడికాయను చూసి, లోపలికి రాలేదు.

“రా అప్పా, అక్కడే నిలబడిపోనావేటి?” అని కామేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళి పీట వేసింది. అన్నం పెట్టింది. దేముడమ్మ కొంచెం తిని, చెయ్యి కంచంలోనే ఉంచి చెప్పడం మొదలుపెట్టింది.

“కుళాయి కాడ నాను బిందె పెడితే అందరూ బిందెలు తీసీసుకుంతన్నారమ్మా. మా ఆడపడుసు కూతురి సీమంతానికి నన్ను పిలవనేదు. గంపెత్తమంటే ఒక్కరూ సెయ్యి ఎయ్యరు. పోలమ్మ మనవడికి జొరం తగ్గకపోతే సోది కాడికెల్లినారు. సోదిలో నా పేరు రానేదు. ‘ఎర్రగుడ్డ’ అని వచ్చినాదంట.”

జ్యోతిర్మయి గబుక్కున అడ్డు వచ్చింది. “అది రిబ్బను దేముడమ్మా! ఆఫీసులో గుర్తుకోసం కట్టే...”

“నాకు తెల్దేటమ్మా? నాకు తెలిసి ఏటి నాబం?”

నేను పోలీసులకు చెబుదామన్నాను. “పోలీసులు సాయంత్రం దాకా ఉంతారు బాబూ. నాను రాత్రీ ఉండాల” అంది. పాలెం మధ్యలో సభ పెట్టిస్తాను, డాక్టర్లను తీసుకొస్తాను, చిల్లంగి లేదని మైకులో చెబుతానన్నాను.

“వొద్దు బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు సెవుల్లో సెప్పుకుంతన్నారు. మీరు మైకులో నా పేరూ ఆ మాటా కలిపి సెప్తే, యారాడ దాకా ఇనబడతాది.”

ఆ వాదంలోని తర్కాన్ని నేను కాదనలేకపోయాను. జ్యోతిర్మయి ముందుకు వంగి, “రేపే వ్యాను తెచ్చి మొత్తం వరసను మా ట్యాంకులకు తరలిస్తాను. కొన్ని చస్తే చస్తాయి. నీకూ గొడవ వదులుతుంది” అంది.

“పట్నం బండిలో ఎక్కించినానంటే, ఊరి సిప్పల పేనాలు తీసి మీకు అప్పసెప్పినానంతారు.” దేముడమ్మ కంచంలోని మెతుకులను ఒక పక్కకు జరిపింది. “నాను వొండీసి పెడతానమ్మా. వరసంతా. ఊరందరికీని.”

చిల్లంగి ఉందని అనుమానమున్న చేతి కూడు ఎవరూ తినరు. తిన్నారంటే అనుమానం లేనట్టే. ఆ ఆచారం కామేశ్వరికి తెలుసు, నాకు తెలుసు, చివరకు మా అమ్మాయికీ తెలుసు.

“ఒక్క బుట్టెడు నాకు ఉంచు” అంది జ్యోతిర్మయి.

“బుట్టెడు మిగిలినా మిగిలినట్టే కదమ్మా. ఆ బుట్టెడు ఎందుకు దాసినాదంతారు.”

దేముడమ్మ వెళ్ళిన మరునాడు ఉదయం జ్యోతిర్మయి పరీక్షల ఫలితాలు తెచ్చి నా ముందు పెట్టింది. మనుషులకు కీడు చేసే సూక్ష్మజీవులేవీ ఆ చిప్పల్లో లేవు; లోహాలూ హద్దులోనే ఉన్నాయి; బాగా ఉడికించి తినవచ్చు. అది చెప్పి ఆమె వరండాలో అటూ ఇటూ నడిచింది.

“పంట ఆమెదే. కానీ ప్రయోగం పూర్తయ్యే దాకా కోయకూడదని ఒక్క ఫోను చేసి ఆపించగలను నాన్నా.”

“ఆపిస్తావా?”

“మీరేమంటారు? బతుకంతా సాక్ష్యం, సాక్ష్యం అన్నారు కదా. ఏట్లో ఉంది సాక్ష్యం. మూఢనమ్మకం కోసం దాన్ని పులుసు పెట్టమంటారా?”

నేను నిదానంగా చెప్పాను. “అది సాక్ష్యమని ఇంకా తేలలేదమ్మా. ఆ వరస ఏటి నోట్లో ఉంది. వరద తీయగానే ఉప్పునీరు ముందు దానికే అందింది. కేవలం అదృష్టం కావచ్చు.”

“కావచ్చు. కాకపోవచ్చు. అది తేలాలంటే అవి బతికుండాలి.”

“దేముడమ్మ కూడా.”

నా మాట కొంచెం కఠినంగా వచ్చింది. జ్యోతిర్మయి నన్ను చూసి, లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుంది. మా ఇంట్లో తలుపు వేసుకోవడమనేది అంతకుముందు లేదు. ఆమె ఎవరికైనా ఫోను చేస్తుందేమోనని నేనూ కామేశ్వరీ వరండాలో కూర్చుని విన్నాం. చేసినట్టు వినబడలేదు.

పంట కోసే రోజున పాటు తీయకముందే జ్యోతిర్మయి పాలెంలో ఉంది; నేనూ కామేశ్వరీ కూడా వెళ్ళాం. దేముడమ్మ తాడు కోయబోతే వారించి, “ముందు ఇవి విప్పాలి, నేను కట్టినవి” అని ఏట్లోకి దిగింది. ముళ్ళు తడిసి బిగుసుకుపోయి ఊడలేదు. సంచిలోంచి కత్తెర తీసి, ఒక్కొక్క రిబ్బనూ కత్తిరించి, ముక్కలు నీళ్ళలో పడకుండా పిడికిట్లో పట్టుకుంది. ఒడ్డు మీది జనం అదంతా చూశారు. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

దేముడమ్మ ఇంటి ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టి చిప్పలు ఉడకబెట్టారు. కామేశ్వరి కండ వలిచి ఇస్తుంటే దేముడమ్మ చింతపండు పులుసు పోసి, ఎండుమిరప కారం దట్టించి కూర వండింది. వాసన వీధంతా కమ్మింది. అడ్డాకుల విస్తళ్ళు పరిచారు. ఎవరూ రాలేదు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. ఒక కుక్క వచ్చి విస్తరి ముందు నిలబడితే ఎల్లాజీ దాన్ని అదిలించాడు. అతడు మాత్రం దగ్గరికి రాలేదు.

ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని నేను విస్తరి ముందు కూర్చోబోయాను. దేముడమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“మీరు కాదు బాబూ. మీరు తింటే ఏటి లెక్క? మీకు దేనిమీదా నమ్మకం లేదని ఊరందరికీ తెలుసు.”

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. నేను లేచి గోడ పక్కన నిలబడ్డాను. నలభై ఏళ్ళ హేతువాదం ఆ మధ్యాహ్నం ఒక్క విస్తరికి కూడా పనికిరాలేదు.

చివరికి పోలమ్మ కదిలింది. భుజం మీద జ్వరం తగ్గిన మనవణ్ణి వేసుకుని, విస్తళ్ళ వైపు కాకుండా ఏటి వైపు నడిచింది. దేముడమ్మ పొయ్యి వదిలి ఆమె వెనకాల వెళ్ళింది. ఒడ్డున నిలబడి ఇద్దరూ చూశారు. చివరి వరసలో కూడా వట్టి వెదుళ్ళే మిగిలాయి.

“ఒక్కటీ ఉంచుకోనేదేటి?”

“నేదు.”

“మేడంగోరికి కూడా ఇవ్వనేదేటి?”

“నేదప్పా. సూసుకో.”

పోలమ్మ చాలాసేపు చూసింది. అన్ని వరసలూ ఇప్పుడు ఒక్కలాగే ఉన్నాయి. ఆమె తిరిగి వచ్చి, మనవణ్ణి కామేశ్వరి ఒళ్ళో కూర్చోబెట్టి, విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దేముడమ్మ వడ్డించింది. పోలమ్మ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆమె నమిలి, మింగి, ముఖం ముడుచుకుంది.

“పులుపెక్కువైపోనాది. నీ సెయ్యెప్పుడూ ఇంతే.”

“నీ నోరూ ఎప్పుడూ ఇంతే” అంది దేముడమ్మ. “మజ్జిగ పొయ్యనేటి?”

“మజ్జిగెందుకు, కూరెయ్యి.”

అరుగుల మీది నుంచి ఒకరొకరే దిగారు. ఎల్లాజీ బీడీ పారేసి, కాళ్ళు కడుక్కుని, మగవాళ్ళ వరసలో మొదట కూర్చున్నాడు. డేగిసా అడుగంటే దాకా వడ్డన సాగింది. వలిచిన డొల్లలు గోడ పక్కన మోకాలెత్తు గుట్టయ్యాయి. దేముడమ్మ ఎవరి విస్తరి ముందు ఎక్కువసేపు నిలబడకుండా, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, అందరికీ సమానంగా వడ్డించింది.

“ఏటి మేడంగోరూ, మీరు తినరేటి?” అని పోలమ్మ పిలిచింది.

జ్యోతిర్మయి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. వడ్డించినదంతా తింది. ఒక్క ముక్కా వదలలేదు.

సాయంత్రం కామేశ్వరి అక్కడే ఉండి గిన్నెలు తోమించి వస్తానంది. నేను అమ్మాయి స్కూటరు వెనక కూర్చున్నాను. ఉక్కునగరం వైపు మళ్ళాం. కంటైనరు లారీలు ఒకదాని వెనక ఒకటి మమ్మల్ని దాటి పోర్టు వైపు పోతున్నాయి. వాటి హోరు కాస్త తగ్గాక, ఏదో ఒకటి అనాలని, “పులుపు నిజంగానే ఎక్కువైంది” అన్నాను.

“వాన తర్వాత ఈ రోజుల్లో ఆలిచిప్ప పలచగా ఉండాలి నాన్నా. నీళ్ళోడుతూ, పీచులా.” ఆమె తల తిప్పలేదు, గాలికి మాటలు తెగి తెగి వచ్చాయి. “ఇవి అలా లేవు, రోగమే తగలనట్టున్నాయి. కండ ఎంత నిండుగా ఉందో మీ నోటికి తెలియలేదా?”

దేముడమ్మ ఆపాక నేను మళ్ళీ విస్తరి ముందు కూర్చోనే లేదని ఆమె గమనించినట్టు లేదు. పులుపు మాట పోలమ్మ దగ్గర విన్నదే నేను తిరిగి అన్నాను. ఆ సంగతి చెప్పి, అదృష్టమేమో అని ఇంకోసారి అనవచ్చు. అనలేదు. సిగ్నలు దగ్గర స్కూటరు ఆగింది. ముందు కూర్చున్న మా అమ్మాయి భుజాలు ఎక్కిళ్ళకు కదులుతున్నాయి. దీపం పచ్చబడి, వెనక లారీ హారన్ కొట్టేదాకా అలాగే ఉన్నాం.